రాగికి సైగ

“ఆ కాగితం పక్కన పెట్టించండమ్మా. ఇది నోటి పరీక్ష. రాస్తే చెల్లదు.”

“మా అమ్మాయికి వినబడదు, మాట రాదు సార్. రాతపరీక్షలో అందరికంటే ముందుంది.”

“అందుకేగా మిమ్మల్ని లోపలికి రానిచ్చింది! అమ్మాయి సైగ చేస్తుంది, మీరు పైకి చెప్పండి.”

తల్లి తలూపింది. తనూ ఒకప్పుడు ఇంటరులో సైన్సు చదివినదే. ప్రయోగశాలలో సహాయకురాలి ఉద్యోగం. ఇప్పుడు తప్పితే వయసు దాటిపోతుంది, మళ్లీ పిలవరు. ఆయన ఉంటే ఈ పని ఆయనే చేసేవాడు. పోయి నెల కాలేదు. ‘స్వామీ, నా నోట తప్పు మాట రానివ్వకు’ అనుకుంది. ఇలాంటి వాటికి దేవుణ్ణి పిలవచ్చా అని కూడా అనుకుంది.

పరీక్షాధికారి పలక మీద రాసి చూపించాడు. బెలూన్‌ను పైకి లేపే, మండని వాయువు?

కూతురు చెవి తమ్మె పట్టుకుని వదిలింది.

“హీలియం సార్.”

“ఇదేం సైగ? బడిలో ఇలా నేర్పరే!”

“బడిలో అన్నిటికీ నేర్పలేదు సార్. ఇవి ఇంట్లో కల్పించుకున్న పేర్లు.”

పాత థర్మామీటరులో ఉండే లోహం?

కూతురి చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

“పాదరసం!”

అతను సుద్దముక్క కింద పెట్టాడు. “జవాబు అమ్మాయిదా, మీదా?”

తల్లి చెంగు సర్దుకుంది. “కంగారు సార్.”

“అయితే గోడకేసి తిరగండి.”

తిరిగింది. పెచ్చులూడిన సున్నం. వెనక సొరుగు తెరిచిన చప్పుడు.

“ఊఁ, ఇటు చూడండి.”

అతని గుప్పెట మూసి ఉంది. కూతురు రెండు వేళ్లతో తన మణికట్టు చుట్టి పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

తల్లి ఆ మణికట్టునే చూస్తోంది.

“చెప్పండమ్మా. లేదంటే సున్నా వేసేస్తా.”

“రాగి.”

గుప్పెట విప్పాడు. రాగి తీగ ముక్క.

“మణికట్టుకూ రాగికీ ఏం సంబంధం?”

“వాళ్ల నాన్న చేతికి రాగి కడియం ఉండేది సార్.”

 అతను మార్కుల గడిలో పెద్ద అంకె వేశాడు.

“భలే భాష! నేర్చుకోడానికి మీకెన్నేళ్లు పట్టింది?”

ఆమె దండం పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

మూలకాలకు ఆ తండ్రీకూతుళ్లు పెట్టుకున్న పేర్లు ఆమెకు ఒక్కటీ తెలియవు.