సూళగిరి నుంచి వచ్చిన పలక

“మళ్ళీ తప్పే!” అన్నాడు అనంతకుమార్.

శ్రీరామప్ప పలకను తడిగుడ్డతో తుడిచాడు.

“ఇంకొక్క దినం చూడండి సార్. వచ్చేస్తుంది.”

“ఎనిమిది నెలలుగా ఇదే మాట. మొదటి అక్షరమే దాటలేదు.”

“ముసలి బుర్ర కదా సార్. మొద్దును చెక్కినట్ల చెక్కాల.”

అనంతకుమార్ నవ్వలేదు. భార్య శోభన జబ్బుతో పోయినప్పటి నుంచి అతను నవ్వింది లేదు.

తమిళ సీమలోని మూకండపల్లిలో ఆ సాయంకాలపు బడి ఆమె పెట్టించిందే. ఫ్యాక్టరీ పనికి వచ్చే తెలుగువాళ్ళకు తమిళం చదవడం, రాయడం నేర్పాలని పట్టుపట్టింది. చిన్నప్పుడు తళి బడిలో తమిళంలో మూడుసార్లు తప్పిన మనిషి ఆమె.

ఆమె పోయిన నెలకే బడి మూసేద్దామనుకున్నాడు. ఉన్నవాళ్ళను పంపేశాడు. తాళం వేస్తుంటే ఈ ముసలాయన పలకతో వచ్చి నిలబడ్డాడు.

“సూళగిరి నుంచి వచ్చినాను సార్. తెలుగు బడిలో చదివినోణ్ణి. బస్సు బోర్డు చదవను రాదు. మీరే దారి చూపించాల.”

అప్పటి నుంచి ఒక్కరోజూ మానలేదు. సరిగ్గా ఆరింటికి వచ్చేవాడు. ఆ ఒక్కడి కోసం అనంతకుమార్ గడ్డం గీసుకోవాల్సి వచ్చేది. చొక్కా మార్చుకోవాల్సి వచ్చేది.

“తిన్నారా సార్?” అని అడిగాకే పలక తీసేవాడు. లేదంటే సంచిలోంచి సంగటి డబ్బా తీసి ముందు పెట్టేవాడు.

ఆ రోజు అనంతకుమార్ ఓపిక అయిపోయింది.

“చాలు పెద్దాయనా. నీకు చదువు రాదు. రేపటి నుంచి రావద్దు.”

శ్రీరామప్ప పలకను సంచిలో పెట్టుకుని లేచాడు.

“రేపు కూడా ఆరుకే కదా సార్?”

మరునాడు ఆరైంది. ఏడైంది. అతను రాలేదు.

మూడో రోజు అనంతకుమార్ సూళగిరి బస్సెక్కాడు.

శ్రీరామప్ప ఇంటి ముందు షామియానా వేసి ఉంది. కూతురు చైత్ర ఎదురొచ్చింది.

“మూకండపల్లి సారేనా మీరు? ఆ దినం మీ దగ్గర నుంచి వచ్చి పడుకున్నాడు సార్ మా నాయన. తెల్లారి లేయలేదు.”

అతను తల దించుకున్నాడు.

“రావద్దన్నానమ్మా. ఒక్క అక్షరమూ రాలేదని కోప్పడ్డాను.”

“అక్షరం రాలేదా?” చైత్ర తెల్లబోయింది. “తళి బడిలో ముప్పై ఏండ్లు తమిళం చెప్పినాడు సార్! పాఠానికి పోతా ఉండానంటే, పాఠం చెప్పేదానికి పోతాడనుకున్నాము.”

ఆమె లోపలికి పోయి సంచి తెచ్చింది. పలక వెనక నాలుగు మడతల కాగితం ఉంది.

తమిళంలో రాసిన ఉత్తరం. ఆ చేతిరాత శోభనది.

“అయ్యవారూ, మూడుసార్లు తప్పినా మీరు నన్ను విడవలేదు, నేను పోయినాక మా ఆయన్నూ విడవొద్దు.”