నాలుగు కార్బురేటర్ల కారు

"ఛీ!" అన్నాడు బేరానికొచ్చినాయన, ఇంజన్లోంచి తల బయటికి తీసి. "ఇదేం పనండీ?"

షెడ్డు గుమ్మంలో నిలబడ్డ టైలరమ్మకి ఒళ్లు మండింది. పొద్దున్నే వచ్చాడు, ఇచ్చిన టీ తాగాడు, కారు చుట్టూ నాలుగుసార్లు తిరిగాడు, ఇప్పుడు ఛీ అంటున్నాడు. ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు, మాటిమాటికీ వాసన చూడటం, వేలికంటిన నూనెని మరో వేలితో రుద్ది చూసుకోవడం. ఆ వాలకమే ఆవిడకి నచ్చలేదు.

అలాగని కారంటే ప్రేమేం కాదు. దాన్ని చూస్తేనే అసహ్యం. భాగాలు విడివిడిగా తెచ్చి ఇంట్లో బిగించుకునే రకం కారు అది. పైన తలుపుల్లేని రెండు సీట్ల డొల్ల, లోపల ఏదో పాత కారు ఇంజను, దాని పక్కన వరసగా, ఇంజనుకి పెట్రోలు అందించే నాలుగు మోటార్ సైకిల్ కార్బురేటర్లు. కిందటి నెల లారీ మీంచి దిగింది. స్నేహితుడెవరో ఊరొదిలి పోతూ అంటగట్టాడని చెప్పాడు మొగుడు. ఆయన మాటలు ఆరా తీస్తే మిగిలేది తలనొప్పేనని ఆవిడ వదిలేసింది.

కారు రావడంతో ఆవిడ కుట్టుమిషను షెడ్డులోంచి వంటింట్లోకి పోయింది. పెట్రోలు కంపు మాత్రం షెడ్డులో ఆగకుండా ఇల్లంతా పాకింది. కుట్టి పంపిన గౌన్లు కంపు కొడుతున్నాయని దుకాణం వాళ్లు మూటకి మూట తిప్పి పంపారు. ఇంకోసారి ఇలా జరిగితే పని వేరేవాళ్లకి ఇస్తామన్నారు. ఆ పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు. మొగుడి సంపాదన సంగతి వీధిలో కుక్కలక్కూడా తెలుసు. అందుకే ఈ దరిద్రం ఇవాళ ఎలాగైనా గేటు దాటాలి.

"ఎవరు బిగించారివి?" అడిగాడు బేరగాడు.

"నేనేనండీ," అన్నాడు మొగుడు ఛాతీ విరుచుకుని. "ప్రతి నట్టూ నా చేత్తో బిగించిందే."

గోడకి మేకు కొట్టమంటే వేలు చితక్కొట్టుకునే మనిషి. కోతలు కోస్తే కోశాడు, కాస్త అతికేలా కోయచ్చుగా అనుకుంది టైలరమ్మ.

"బైకు కార్బురేటర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఈ ఇంజనుకేమో రంధ్రాలు ఎడంగా ఉన్నాయి. రెంటినీ ఎలా కుదిర్చారు?"

"రబ్బరు గొట్టాలు కదండీ. లాగితే సాగాయి."

బేరగాడు కుళ్లిన గుడ్డు పగలగొట్టినవాడిలా మొహం పెట్టాడు. "మధ్యలో ఇత్తడి ముక్కలున్నాయి, కనపడుతున్నాయా? కార్బురేటర్లని విడదీసి, వాటి మధ్య ఇవి పెట్టి ఎడం చేశారు."

"ఆఁ, అవే. పెట్టాను. మర్చిపోయాను."

"ఎలా కోశారు?"

"రంపంతో."

"ఇవి లేత్ మిషను మీద తిప్పి కోసినవండీ."

"లేతే. రంపం లాంటి లేతు."

టైలరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఇంత సిగ్గులేని మనిషితో ఇన్నేళ్లు ఎలా కాపురం చేశానా అనిపించింది. ఆ వచ్చినవాడి మీదా అంతే వెగటు పుట్టింది. కొనేవాడు కొనక, ఈ పరీక్షలెందుకు?

బేరగాడు జేబురుమాలు తీసి రెండో కార్బురేటరు తుడిచాడు. గోరుతో ఏదో గీకాడు. "ఈ జిగురేంటి?"

"పెట్రోలు కారుతుంటే పూశాను."

"కారదా మరి? కారు పంపు తోపుకి బైకు కార్బురేటర్లు తట్టుకోలేవు. ఆ తోపు తగ్గించడానికి ఇక్కడ చిన్న బిళ్ల ఒకటుండాలి. ఏదీ?"

"అదా? అడ్డంగా ఉందని పీకేశాను."

"పీకేశారు," అన్నాడు బేరగాడు మెల్లగా. "పసిపిల్లాడి నోట్లో మట్టి కుక్కినట్టుంది. ఆ ఇత్తడి ముక్కలు పెట్టిందీ, ఈ జిగురు పూసిందీ ఒకటే చెయ్యంటారు?"

"ఒకటే చెయ్యండీ," అని మొగుడు ఆ చెయ్యి చాపి చూపించాడు కూడా.

బేరగాడు చేతులు తుడుచుకుని గేటు వైపు నడిచాడు. ఈ బేరం పోయినట్టే అనుకుంది టైలరమ్మ. ఆయన సరిగ్గా ఆవిడ ముందు ఆగాడు.

"అమ్మా, మీ ఆయన మాట నేను నమ్మలేకపోతున్నాను. మీరు చెప్పండి. ఈ కారు ఈయనే తయారు చేశారా? అవునంటే ఇప్పుడే తీసుకెళ్లిపోతాను."

మొగుడి బొంకుల్లో ఆవిడ ఏనాడూ వేలు పెట్టలేదు. ఆ ఇంట్లో ఆవిడకి మిగిలిన గర్వం అదొక్కటే. కానీ వంటింట్లో దుప్పటి కప్పిన మిషనుంది. దాని మీద దుకాణానికి పంపాల్సిన గౌన్లున్నాయి.

"అవునండీ," అంది. "ఇక్కడే చేశారు, నా కళ్ల ముందే. తిండీ నిద్రా మానేసి మరీ చేశారు."

అనగానే నోరంతా చేదయింది. తన మీద తనకే రోత పుట్టింది. మొగుడు శభాష్ అన్నట్టు చూశాడు. ఆ చూపు మరీ రోతగా ఉంది.

"మీ మాట చాలమ్మా," అని బేరగాడు వెనక్కి వెళ్లి సీట్లో కూర్చున్నాడు.

హమ్మయ్య అనుకుంది టైలరమ్మ. మధ్యాహ్నానికల్లా షెడ్డు కడిగేసి, మిషను మళ్లీ కిటికీ పక్కకి జరుపుకోవచ్చు.

"తాళంచెవి ఎక్కడో పడిపోయిందండీ," అంటూ మొగుడు ఆదరాబాదరాగా ముందుకొచ్చాడు. "వైర్లు రెండు కలిపితే స్టార్టయిపోతుంది. ఉండండి, నేను కలుపుతాను."

"మీకెందుకు శ్రమ?" అన్నాడాయన.

బేరగాడు తన జేబులోంచి తాళంచెవి తీసి కారు స్టార్ట్ చేశాడు.