ఇంటి తేదీ

అక్టోబరు ఇరవై రెండు. ఆ పొద్దున ఇద్దరూ కలిసి తిన్నది ఒకే ఒక్క ఉడికించిన గుడ్డు, చెరిసగం.

అంతకు మించి గొంతు దిగలేదు. మిగిలిన రొట్టె ముక్కలు డబ్బాలో సర్దుకుని, లిఫ్టు మెకానిక్కూ అతని భార్యా నివాస అనుమతుల ఆఫీసుకు వచ్చారు.

అతనికి ఆ దేశంలో ఉండడానికి అనుమతి ఎప్పుడో దొరికింది. అతని భార్యగా ఆమెకు ఇవాళ దొరకాలి. దొరికితేనే ప్రయాణ పత్రం ఇస్తారు. అది లేకుండా దేశం దాటితే మళ్లీ రానివ్వరు.

అవతల సొంతూళ్లో ఆమె చెల్లెలికి నెలలు నిండుతున్నాయి. తల్లి లేని పిల్ల. కాన్పుకు అక్క వెళ్లి తీరాలి.

“ఊళ్లో లిఫ్టులన్నీ పైకెక్కిస్తారు. మన ఫైలు మాత్రం కింది అంతస్తు దాటదు,” అంది భార్య.

“దాటుతుందిలే. పొద్దున్నే కాస్త మంచిమాట అనవే!”

బెంచీ చివర కూర్చున్న పెద్దాయన కిసుక్కున నవ్వాడు. బట్టతల, మెడకు మఫ్లరు. ఎవరూ పిలవకుండానే మాటల్లోకి దిగాడు.

“పెళ్లయి ఎన్నాళ్లయింది తల్లీ?”

“నాలుగేళ్లండీ.”

“వంటెవరు చేస్తారు?”

“నేనే. గిన్నెలు ఈయన తోముతారు. సగం జిడ్డు గిన్నెకే వదిలేస్తారు.”

“మరి గురకెవరు పెడతారు?”

మెకానిక్‌కు చిర్రెత్తుకొచ్చింది. ఇలాంటి ఆఫీసుల ముందు వల వేసుకు కూర్చునే బ్రోకర్లు ఉంటారని తోటి పనివాళ్లు చిలక్కి చెప్పినట్టు చెప్పి పంపారు.

“లోపలావిడ తేదీలు అడుగుతుంది అబ్బాయ్. ఒకసారి మీ పాస్‌పోర్టులు తెరిచి...”

“మాకు బ్రోకర్లు అక్కర్లేదు పెద్దాయనా. మీ పని మీరు చూసుకోండి.”

పెద్దాయన నొచ్చుకోలేదు. కాస్త పక్కకు జరిగి, ఆమె ఒళ్లో ఉన్న బరువు సంచికి బెంచీ మీద చోటిచ్చాడు.

పెళ్లి నిజమైనదో కాదో తేల్చడానికి లోపల ఇద్దరినీ విడివిడిగా ప్రశ్నించారు.

“మీ భార్య పుట్టినరోజు?” అడిగింది ఆఫీసరమ్మ.

“ఫిబ్రవరి పద్దెనిమిది,” ఠక్కున చెప్పాడు మెకానిక్.

ఆమె కలం ఆగిపోయింది.

“పాస్‌పోర్టులో జూన్ ఒకటి ఉంది. ఆమె కూడా అదే చెప్పారు. భార్య పుట్టినరోజు తెలియని భర్తా?”

అక్కడి భాష అతనికి పనికి సరిపడా వచ్చు. లిఫ్టు తీగల గురించి అడిగితే గంటసేపు చెప్పగలడు. దీనికి మాత్రం “ఫిబ్రవరే” అని మళ్లీ అన్నాడంతే.

“బయట కూర్చోండి. ఆఫీసు మూసేలోగా చెబుతాను.”

బెంచీ మీద భార్య అందుకుంది.

“పాస్‌పోర్టులో ఉన్నది చెప్పాలి కదండీ!”

“ఏటా ఫిబ్రవరిలోనే కదే నీకేదో ఒకటి కొనిస్తున్నాను?”

“కొనిచ్చారులెండి! పోయినేడు చెప్పులు. అవీ నా కాలికి పట్టనివి!”

“అసలు ఆ జూన్ ఒకటి ఎక్కణ్నుంచి ఊడిపడింది?”

“మా హెడ్మాస్టరు వేశాడు. బళ్లో చేర్చుకోవడానికి వయసు చాల్లేదని. మా క్లాసులో సగం మంది జూన్ ఒకటినే పుట్టారు!”

పెద్దాయన ఈసారి నవ్వలేదు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “చెల్లికిప్పుడు ఏం చెప్పనండీ? వస్తానని మాటిచ్చాను.”

ఇంతలో పెద్దాయనకు పిలుపొచ్చింది. అదే గది. వెళ్లినవాడు ఎంతకీ రాలేదు. వచ్చాక వీళ్ల వంకైనా చూడకుండా మఫ్లరు సర్దుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు.

“శకునపక్షి. పొద్దున్నే దాపురించాడు,” గొణిగాడు మెకానిక్.

“ఊరుకోండి. మీరు తప్పు చెబితే ఆయనేం చేస్తాడు?”

మళ్లీ పిలిచారు. ఈసారి ఇద్దరినీ కలిపి.

ఆఫీసరమ్మ ఏమీ అడగలేదు. ముద్ర తీసి అనుమతి కాగితం మీద కొట్టింది. ప్రయాణ పత్రం మీద ఇంకోటి కొట్టింది.

“మీకు అనుమతి లేదని రాయబోయాను. ఇందాక వచ్చిన పెద్దాయన ఆపారు. మీ వైపు చాలామందికి రెండు పుట్టినరోజులట. ఒకటి అమ్మకు గుర్తున్నది, ఒకటి బడిలో రాసింది. దొంగ మొగుడైతే పాస్‌పోర్టు తేదీని బట్టీపట్టి వచ్చేవాడు, అసలు మొగుడు కాబట్టే తప్పు చెప్పాడు అన్నారు.”

మెకానిక్ తలుపు వైపు తిరిగి చూశాడు.

“బెంచీ మీద మీరెలా పోట్లాడుకున్నారో కూడా చెప్పారు. అలాంటి పోట్లాట బట్టీపడితే వచ్చేది కాదట.” ఆమె మొదటిసారి నవ్వింది. “చెప్పులు మాత్రం సరైనవి కొనివ్వండి.”

బయటికొచ్చాక భార్య గోడకు ఆనుకుని నిలబడింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత డబ్బా మూత తీసింది.

“ఇప్పుడు ఆకలేస్తోందండీ.”

రొట్టె నములుతూనే మెకానిక్ మెట్ల వైపు పరుగెత్తాడు, వెనకే ఆమె. వీధిలో పెద్దాయన లేడు. వీధి తలుపు దగ్గర వాచ్‌మన్ తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. అతనూ తెలుగువాడే.

“అన్నా, ఆ మఫ్లరు పెద్దాయన ఎటు వెళ్లారు?”

“ఇంకెక్కడ దొరుకుతారు? వెళ్తూ వెళ్తూ మీ తేదీల సంగతి చెప్పారు. ఇవాళే దేశం వదిలి వెళ్తున్నారు. తన అనుమతి కార్డు తిరిగిచ్చేయడానికి వచ్చారు. ఇన్నేళ్లకు భార్య దగ్గరికి చేరబోతున్నారు.”

“భార్య ఇక్కడ లేరా?”

“ఉండేది. నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో,” అన్నాడు వాచ్‌మన్, “అదే గదిలో ఆయన కూడా ఇంటి తేదీ చెబితే, దొంగ పెళ్లని ఆమెను వెనక్కి పంపేశారు,” అని చప్పుడు కాకుండా తలుపు మూశాడు.