మంచు చాటున ప్రభావతి

"రీలుకు వెలుతురు తగిలింది సార్. ఒక్క బొమ్మ గూడ రాలే. నడుమల కెమెరా మూత తీసిన్రా ఏంది?" అన్నాడు ఆబిడ్స్‌లోని స్టూడియో యజమాని.

తీయలేదన్నాడు శ్రీపతి. 1963 చలికాలంలో, ఢిల్లీ చూసుకుని గుల్మార్గ్ దాకా వెళ్లి, భార్యను మంచులో నిలబెట్టి తీసిన పన్నెండు ఫోటోలవి.

"అయినా ప్రింట్లు తియ్యుండ్రి."

పన్నెండూ తెల్లగా వచ్చాయి. ఆల్బంలో అతికించి, ఒక్కోదాని కింద 'గుల్మార్గ్, మంచు' అని రాశాడు.

నాంపల్లిలో తమ ఇంటికి వచ్చినవాళ్లందరికీ చూపించాడు. "గింత మంచా!" అన్నారు చుట్టాలు. ప్రభావతి ఏదని అడిగితే, మంచు చాటున ఉందన్నాడు. గన్‌ఫౌండ్రీలో అతనితో పనిచేసే బ్యాంకు గుమాస్తా మఫ్లర్ బిగించుకుని ఇంకో చాయ్ అడిగాడు.

అందరూ వెళ్లాక ప్రభావతి ఆల్బం తెరిచి ఏడో ఫోటో మీద వేలు పెట్టింది.

"గీ దాంట్ల నేను కండ్లు మూసుకున్న. ఎవ్వరికి చూపియ్యకున్రి."

"నీకెట్ల ఎరుక?"

"అనుమానమైతుండె. వచ్చేటప్పుడు రైల్ల మీరు పండుకున్నంక మూత తీసి చూసిన. లోపల ఏం కనవడలే. గప్పటి సంది అదే ఫికర్."

శ్రీపతి ఏడో ఫోటోను జాగ్రత్తగా ఊడదీసి జేబులో పెట్టుకున్నాడు.