ఎనిమిది కాళ్ళ కాపలా

"సీసా మూత గట్టిగా బిగించావా?" మాస్టారు కుర్చీ ఎక్కి నిలబడే అడిగారు.

"బిగించానండీ. గాలికి చిల్లులు కూడా పెట్టాను. ఇక దిగండి," అంది భార్య.

పెరట్లో ఇటుకల కింద దొరికిన నల్ల సాలీడు. గ్లాసు బోర్లించి, కిందికి అట్టముక్క తోసి, చిటికెలో పట్టేసింది. వేసవి సెలవుల్లో ఏమీ తోచక అందర్నీ కాల్చుకు తింటున్న కూతురు గంతులే గంతులు. "అమ్మా, పెంచుకుందామే!"

"సాలీడుని పెంచడమేమిటే!" మాస్టారి తల్లి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"మీరెవరూ చూడక్కర్లేదత్తయ్యా. వెనక గదిలో పెడతాను. మధ్యాహ్నం ఓ గంట కూర్చుని నేనే మేపుకుంటాను."

మర్నాడు సీసా పట్టుకుని ఒక్కతే పెరట్లోకి వెళ్ళి, అడుగున మట్టి మార్చుకొచ్చి పై అరలో పెట్టింది. ఆ హడావిడిలో నల్ల పళ్ళ జడక్లిప్పు ఎక్కడో పారేసుకుని, ముడిలో పెన్సిల్ గుచ్చుకుని తిరగసాగింది.

"పురుగు ధ్యాసలో పడి ఒంటి మీద స్పృహ లేదు," అత్తగారు సణిగింది.

అప్పట్నుంచి మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆమె లోపల గడియ పెట్టుకునేది. మిగతా ముగ్గురూ తలుపుకి చెవులానించేవారు.

"సరసరా పాకుతోందిరోయ్!"

"నాన్నా, అమ్మ నవ్వుతోంది!"

"పిల్లిమొగ్గ వేసుంటుంది," అనేవారు మాస్టారు, తనే నేర్పినట్టు.

గంట తర్వాత గుమ్మంలోంచే దర్శనం. మసక సీసాలో, ఎండుటాకు మీద, నల్లటి వంకర కాళ్ళు.

"కదలదేమే?"

"తిన్నాక మీరు కదులుతారా?"

ఇంతలో పది రోజులు ఉండి వెళతానని మాస్టారి పిన్ని ఫోన్ చేసింది.

"ఆ గది ఖాళీ చెయ్యాలి. ఒరేయ్, వెళ్ళి ఆ పురుగుని పారేసిరా," అంది తల్లి.

భార్య మొహం పాలిపోయింది. "వద్దండీ. రోజంతటికీ నాకున్నది ఆ గంటే," అంది నెమ్మదిగా.

మాస్టారు ఓ చేత చీపురు, ఓ చేత చెప్పు పట్టుకుని లోపలికి నడిచారు. కిటికీ పక్కన కుర్చీ, దిండు, సగంలో బోర్లించిన నవల. పై అరలో సీసా. కళ్ళజోడు సర్దుకుని, ముక్కు ఆనేంత దగ్గరగా చూశారు. చాలాసేపు చూశారు.

బయటికొచ్చి తలుపు దడాలున వేశారు.

"అమ్మో! అరచేయంత అయింది! కదిపితే మీద పడుతుంది. పిన్ని హాల్లో పడుకుంటుంది. నీ కోడలు తప్ప ఎవరూ ఆ గుమ్మం తొక్కకండి."



సాయంత్రం బజారు నుంచి వస్తూ మాస్టారు ఆమెకో కొత్త జడక్లిప్పు తెచ్చారు.

"ఇప్పుడిదెందుకండీ?"

మాస్టారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"పాతది సీసాలో కాపలా కాస్తోందిగా!"