ఎండకో పెద్దదిక్కు

చెరువు గట్టున తూర్పు బండ తాబేలుది, పడమటి బండ తొండది. పొద్దున్నే ఎండ తగిలే తాబేలు బండ మీద తొండ కూడా ఒళ్లు కాచుకునేది. సాయంత్రం తొండ బండ మీదికి తాబేలు వెళ్లేది. మధ్యలో ఎవరి పెత్తనమూ లేదు.

ఈ సంగతి తెలిసి దున్నపోతుగారు తెగ బాధపడిపోయారు. "పెద్దదిక్కు లేకుండా ఎండ పంచుకోవడమేమిటర్రా! ఇకమీదట నేను చూసుకుంటాను" అని పొద్దున తూర్పు బండకి, సాయంత్రం పడమటి బండకి, సూర్యుడికి అడ్డంగా నిలబడి మరీ పర్యవేక్షించారు.

నాలుగో రోజుకి తాబేలు కాళ్లు కొయ్యబారాయి. "అయ్యా, తమరు కాస్త పక్కకి జరిగితే..." అంది వణుకుతూ.

దున్నపోతుగారు జాలిగా తలాడించారు. "నేనుండగానే ఎండకి ఇంత కరువొచ్చిందే! నేను కూడా లేకపోతే మీ గతేం కాను?"