రెట్టింపయ్యేదాకా ఆగండి

"ఇవాళ కూడా కొనొద్దంటారా?" గొడుగు మడుస్తూ అడిగాడు లెక్కల మాస్టారు.

కంప్యూటర్ల షాపావిడ కౌంటరు తుడవడం ఆపింది. "డెబ్భైని పెరిగే శాతంతో భాగిస్తే రెట్టింపయ్యే కాలం తెలుస్తుందని మీరేగా నేర్పారు! ప్రాసెసరు వేగం ఏటా ముప్పై అయిదు శాతం పెరుగుతోందంటున్నారు. అంటే రెండేళ్ళు. ఆగితే మీకే లాభం."

"మెమరీ వేగం ఏడు శాతమేనండీ. దానికి పదేళ్ళు పడుతుంది."

"అయితే అదీ రెట్టింపయ్యేదాకా చూద్దాం."

"చూద్దాం," అంటూ ఆయన హాయిగా స్టూలు లాక్కున్నాడు. "ప్రాసెసరు ఎంత పరిగెత్తి ఏం లాభం? మెమరీ సమాచారం అందించేదాకా చేతులు కట్టుకుని కూర్చోవలసిందే, పాపం!"

ప్రతి శనివారం ఇదే తంతు. ఆయన వెళ్ళగానే, లోపల రిపేర్లు చేసే తమ్ముడు బయటికొచ్చాడు. "అందరికీ అంటగడతావు, ఈయన్ని మాత్రం ఆగమంటావు. కాళ్ళ దగ్గరికొచ్చిన బేరాన్ని కాలదన్నుకుంటారా అక్కా?"

ఆవిడ మళ్ళీ కౌంటరు తుడవడం మొదలెట్టింది. కొనేస్తే ఆయన మళ్ళీ ఎందుకొస్తాడు? పెళ్ళి మాటే మరిచిపోయిన తనలాంటి ఒంటరి మనిషికి ఆ గంటసేపే వారానికంతటికీ పండగ. ఆ మాట ఎవరితో చెప్పుకుంటుంది!

పై శనివారం ఆయన వేళ్ళనిండా ఎర్రసిరా.

"జవాబు పత్రాలు దిద్దుతుంటే పెన్ను కక్కిందండీ."

ఆవిడ ఆ వేళ్ళకేసి చూసింది. మార్కులు కూడా చేత్తోనే కూడుకుంటున్నాడు కాబోలు. నా స్వార్థం మండ, అనుకుంది.

"మాస్టారూ, ఇక ఆగకండి. ఇలా లెక్కలేస్తూ కూర్చుంటే ఎప్పటికీ కొనలేరు. ఇవాళే తీసుకోండి."

ఆయన ముఖం పాలిపోయింది. "రెండేళ్ళలో రెట్టింపు కదండీ..."

"అది ఎప్పుడూ ఉండేదే."

మాస్టారు ఎంతని కూడా అడక్కుండా బిల్లు కట్టి, గొడుగు మరిచిపోయి వెళ్ళిపోయాడు. ఆవిడ దాన్ని కౌంటరు కింద దాచుకుని, తమ్ముడికి కనబడకుండా కళ్ళు తుడుచుకుంది. ఇక శనివారాలు లేవు.

సాయంత్రం కంప్యూటరు బిగించడానికి తమ్ముడు మాస్టారింటికి వెళ్ళాడు. వెళ్ళిన కాసేపటికే ఫోను చేశాడు.

"అక్కా, ఈయన దగ్గర ఇప్పటికే మన షాపులో కూడా లేనంత కొత్త కంప్యూటరుంది!"